రుజువు భారం ఎవరి మీద?

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలో అప్పటి చంద్రపూర్ జిల్లాలోని దేసాయిగంజ్ పోలీసు స్టేషన్. కూలికి పోయి బతికే ఒక ఆదివాసీ పిల్లను, ఆమె అన్నను, ఆమె పెళ్లాడాలనుకున్న యువకుణ్ణి, అతని బంధువులను పిలిచి వాంగ్మూలాలు రాసుకున్నారు. పని అయ్యాక అందర్నీ వెళ్లిపొమ్మని, ఆ పిల్లను మాత్రం ఉండమన్నారు. అప్పటికి ఆమెకు 14-16 ఏళ్లు. లోపల జరిగింది అత్యాచారమా కాదా అన్న ప్రశ్న మూడు కోర్టులు తిరిగింది. సెషన్స్ కోర్టు కాదంది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ అవునని ఇద్దరు పోలీసులకు శిక్ష వేసింది. 1978 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దు చేసింది. ఒంటి మీద గాయాల్లేవు, పెనుగులాడిన జాడ లేదు, కనుక ఆమె ఒప్పుకున్నట్టేనన్నది ఆ తీర్పు సారం.

ఇలాంటి తీర్పులు లా రిపోర్టుల్లో అచ్చయి, లైబ్రరీ అరల్లోకి చేరి, అక్కడే ఉండిపోతాయి. దీన్ని అలా ఉండనివ్వకుండా బయటికి లాగినవాళ్లు నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్‌వార్ కలిసి 1979 సెప్టెంబర్ 16న భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. అందులో ఆవేశం ఉంది గానీ, దాని బలం ఆవేశంలో లేదు. తీర్పును పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదివిన ఓపికలో ఉంది. లొంగిపోవడమూ ఒప్పుకోవడమూ ఒకటేనని మీకు ఏ చట్టం చెప్పిందని వాళ్లు అడిగారు. రాత్రివేళ తాళం పడిన స్టేషన్‌లో, ఇద్దరు పోలీసుల మధ్య, ఒక పేద ఆదివాసీ ఆడపిల్ల గట్టిగా ఎదిరించి గాయపడి చూపిస్తేనే నమ్ముతారా అని అడిగారు. వాంగ్మూలం కోసం ఆడమనిషిని స్టేషన్‌కు రప్పించకూడదని అదే 1978లో నందినీ శత్పథి కేసులో ఇదే సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ మాట ఈ తీర్పులో ఎందుకు లేదని అడిగారు. ఆ లేఖ చదివి బొంబాయిలో, ఢిల్లీలో, హైదరాబాద్‌లో ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు.

హైదరాబాద్‌కు ఆ బాధ అప్పటికే తెలుసు. 1978లో పోలీసుల మీద అత్యాచార ఆరోపణతో వచ్చిన రమీజాబీ కేసు ఈ నగరాన్ని అట్టుడికించింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. విచారణ రాయచూరుకు మారింది, చివరికి నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. రెండు కేసుల్లోనూ విచారణ నడిచింది పోలీసుల మీద కాదు, ఆ స్త్రీల నడత మీద. ఆమె ఎలాంటిది, ఎవరితో తిరిగింది, పెళ్లయిందా లేదా. నేరం జరగలేదని చూపడానికి నిందితుడు చేయాల్సిందల్లా ఆమె మాటను నమ్మశక్యం కాకుండా చేయడం. తనకు జరిగింది నిజమని చూపడానికి ఆమె చేయాల్సింది మాత్రం కొండంత.

1980లో లా కమిషన్ తన 84వ నివేదికలో ఈ చట్టాన్ని మళ్లీ తిరగేసింది. 1983లో పార్లమెంటు సవరించింది. సాక్ష్య చట్టంలో కొత్తగా 114-ఎ సెక్షన్ వచ్చింది. పోలీసు కస్టడీలాంటి చోట సంభోగం జరిగిందని తేలి, తాను ఒప్పుకోలేదని ఆ స్త్రీ కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు మొదలుపెట్టాలి. కాదని చూపే బాధ్యత అవతలివాడిది. ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో ఇది 120వ సెక్షన్. ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు అనుకోకూడదన్న మాట అత్యాచారపు నిర్వచనంలోకి నేరుగా ఎక్కడానికి మాత్రం 2013 దాకా, అంటే ఆ లేఖ తర్వాత 34 ఏళ్లు, ఆగాల్సి వచ్చింది.

విశ్వవిద్యాలయాల్లో జరిగే న్యాయశాస్త్ర పరిశోధన మనుషుల హక్కులకు ఏం చేయగలదన్న ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబు వేరు. ఏ ప్రొఫెసర్ వ్యాసాన్ని ఏ జడ్జి ఉటంకించాడో చూస్తారు. అలాంటి గొప్ప ఉదాహరణలకు కొదవ లేదు. 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారంతో రాజ్యాంగాన్నే తీసిపారేసి మళ్లీ మొగల్ చక్రవర్తి పాలన తెచ్చుకోవచ్చా అని ఆయన వేసిన ప్రశ్నను లాయరు ఎం.కె. నంబియార్ గోలక్‌నాథ్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు బెంచ్ ముందుకు తీసుకెళ్లారు. 1973లో కేశవానంద భారతి తీర్పు నాటికి అది మౌలిక స్వరూప సిద్ధాంతమై నిలబడింది. హిట్లర్ ఏలుబడికి రాజ్యాంగబద్ధంగానే దారి పడిన దేశం నుంచి వచ్చిన మనిషి కనుక ఆ ప్రశ్న ఆయనకు తట్టింది. దాని విలువను నేను తగ్గించను. కానీ సామాన్యుడి జీవితంలో పరిశోధన చేసే పెద్ద మేలు ఇంకో చోట ఉందని నా నమ్మకం. కోర్టులో ఎవరు ఏం రుజువు చేయాలన్నది పైకి చిన్న సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. కేసు అక్కడే గెలుస్తుంది, అక్కడే ఓడుతుంది. ఏమీ లేనివాడి నెత్తిన ఆ బరువు ఎప్పుడు, ఎవరు, ఎందుకు పెట్టారో వెతికి చూపించడం, దాన్ని దించే దారి చట్టపు భాషలోనే రాసివ్వడం, ఈ పని తీరికగా కూర్చుని చేయగలవాళ్లు పరిశోధకులే. లాయరుకు రేపటి వాయిదా ఉంటుంది. జడ్జికి ఎదుటి ఫైలు తప్ప మరొకటి కనబడదు.

మన ఏజెన్సీ ప్రాంతాల కథ ఇందుకు మంచి సాక్ష్యం. 1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం పోరాటం నిజాం పోలీసుల తుపాకులతో ముగిశాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. ఆ పని మీద ఆదిలాబాద్ వెళ్లిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ లా చదివినవాడు కాదు, మానవశాస్త్రవేత్త. మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, ఎవరి భూమి ఏ కాగితంతో ఎవరి చేతికి పోయిందో రాశాడు. తరతరాలుగా దున్నుతున్న నేల మీద గోండుకు కాగితం లేదు, నిన్న వచ్చిన షావుకారుకు ఉంది. కాగితమే రుజువన్నచోట ఎవరు ఓడిపోతారో చెప్పడానికి చదువక్కర్లేదు. అయినా అది నివేదికగా మారి పాలకుల బల్ల మీదికి వచ్చాకే గోండులకు పట్టాలు ఇవ్వడం, ఆదివాసీ భూములకు విడిగా నిబంధనలు చేయడం మొదలయ్యాయి.

తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలుచుకునేది, ఈ ఆలోచనకు చట్టరూపం ఇచ్చాయి. ఆ చట్టంలో ఒక నిబంధన ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది. ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదంటే అతనే చూపించుకోవాలి. కాగితం లేని మనిషిని కాగితం చూపమనడం మానేసి, కాగితాలు పోగేసుకున్నవాణ్ణి అడగడం మొదలుపెట్టింది. 1/70 అమలులో ఎన్ని మోసాలు జరిగాయో, బినామీ పేర్లతో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో ఆ ప్రాంతాల్లో తిరిగిన ఎవరికైనా తెలుసు. అమలు కాకపోవడం చట్టం చేసిన తప్పు కాదు. ఆ నిబంధన లేకపోతే అడిగే నోరు కూడా ఉండేది కాదు.

1997 నాటి సమతా తీర్పు ఇదే దారిలో ఇంకో అడుగు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసది. ఆ నిబంధనల్లో ‘వ్యక్తి’ అన్న మాట ఉంది. గిరిజనేతర వ్యక్తికి భూమి బదలాయించకూడదు, సరే. మరి ప్రభుత్వం కూడా వ్యక్తేనా? ప్రభుత్వమే తన భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే? జస్టిస్ కె. రామస్వామి రాసిన మెజారిటీ తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఆ మాటలో కలిపింది. చట్టంలో ఒక్క మాటకు అర్థం చెప్పడమంటే పండితుల కాలక్షేపమని అనుకునేవాళ్లకు బొర్రా కొండల్ని చూపించాలి.

ఎన్‌కౌంటర్ల విషయంలో తెలుగునేల ఈ దేశానికి చాలా నేర్పింది, ఎంతో పోగొట్టుకుని నేర్పింది. 1977లో ఎమర్జెన్సీ ముగిశాక జయప్రకాశ్ నారాయణ్ వేసిన తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద విచారించింది. పౌరహక్కుల లాయరు కన్నబిరాన్ దానికి కార్యదర్శి. తర్వాతి దశాబ్దాల్లో పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ బృందాలు ఊరూరూ తిరిగి, శవం ఎక్కడ పడి ఉంది, తూటా ఎటునుంచి తగిలింది, ముందురోజు ఆ మనిషిని ఎవరు ఎక్కడ పట్టుకెళ్లగా చూశారు అని రాసిపెట్టాయి. ఇది విశ్వవిద్యాలయం పేరుతో జరిగిన పరిశోధన కాదు. కానీ దాని కాఠిన్యం, సాక్ష్యం పట్ల దాని నిజాయతీ ఎన్నో పీహెచ్‌డీలకు లేనివి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ ఈ బృందాల్లో నడిచి, 1998 నుంచి హైకోర్టులో లాయరుగా నిలబడ్డారు.

వాళ్లు కోర్టు ముందు పెట్టిన వాదన వినడానికి ఎంత మామూలుగా ఉంటుందో! మనిషి చచ్చిపోయాడు. చంపింది మేమేనని పోలీసులే చెబుతున్నారు. ఆత్మరక్షణ కోసం చంపామంటున్నారు. ఆత్మరక్షణ అనేది చట్టం ఇచ్చిన మినహాయింపు, దాన్ని చెప్పుకునేవాడే రుజువు చేసుకోవాలని సాక్ష్య చట్టం 105వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. మరి పోలీసు విషయంలో మాత్రం చచ్చినవాడి మీద కేసు రాసి, నిందితుడు మరణించాడని ఫైలు మూసేయడం ఏం న్యాయం? చచ్చినవాడు వచ్చి తన నిర్దోషిత్వం చెప్పుకోలేడు కదా! జాతీయ మానవహక్కుల కమిషన్ 1997లో ఇదే దారిలో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్, ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అయితే విచారణలో రుజువు చేసుకోవాలని తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014లో తనవైన మార్గదర్శకాలు తెచ్చింది గానీ, అవి హైకోర్టు మాటంత పదునుగా లేవు. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఒక అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు తూటాలకు చనిపోయినప్పుడు జనం పూలు చల్లారు. సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథను నమ్మలేమని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని చెప్పింది. ఆ పూలు చల్లినవాళ్లకు 2009 తీర్పు గురించి ఎవరైనా వాళ్లకర్థమయ్యే తెలుగులో చెప్పి ఉంటే ఎలా ఉండేదోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఉరిశిక్ష దగ్గరికి వద్దాం. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో రైతాంగ ఉద్యమకారులు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఆ తర్వాత అయిదేళ్లకు బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే గానీ అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలంది. ఈ మనిషి మారే అవకాశం లేదని ప్రభుత్వమే సాక్ష్యంతో చూపించాలన్న మాట కూడా ఆ తీర్పులో ఉంది. చదివిన ప్రతివాడూ అత్యంత అరుదైన అన్న మాటను గుర్తుపెట్టుకున్నాడు. ప్రభుత్వం రుజువు చేయాలన్న మాటను చాలామంది మర్చిపోయారు. కింది కోర్టుల్లో శిక్ష మీద వాదనలు నేరం తేలిన రోజే, గంటా రెండు గంటల్లో ముగిసేవి. ముద్దాయి చిన్నప్పుడు ఏమయ్యాడు, అతని మనసు ఆరోగ్యం ఏమిటి, జైల్లో ఎలా ఉన్నాడు అని వెతకమని ఎవరికీ తోచేది కాదు.

తీర్పులు ఎంత గందరగోళంగా ఉన్నాయో ఆస్ట్రేలియా పండితుడు బ్లాక్‌షీల్డ్ 1970ల నాటి సుప్రీంకోర్టు కేసుల్ని పోల్చి చూపించాడు. ఆ అధ్యయనాన్ని జస్టిస్ భగవతి బచన్ సింగ్ కేసులో తన అసమ్మతి తీర్పులో వాడుకున్నారు. దేశమంతటా ఉరిశిక్ష పడ్డవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని మాట్లాడే పని మాత్రం ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో అనూప్ సురేంద్రనాథ్ నడిపిన బృందం చేసింది. 2016లో బయటికొచ్చిన వాళ్ల నివేదిక కోసం విద్యార్థులు, పరిశోధకులు అప్పుడు ఉరిశిక్ష కింద ఉన్న 385 మందిలో 373 మందిని కలిశారు. నాలుగింట మూడొంతుల మంది పేదలని తేలింది. దళితులు, ఆదివాసీలు, వెనకబడిన కులాలు, మతమైనారిటీలు కలిపి కూడా దాదాపు అంతే. కింది కోర్టు వేసిన ఉరిశిక్షల్లో సుప్రీంకోర్టు దాకా నిలిచేవి 5 శాతం. 30 శాతానికి దగ్గర దగ్గరగా పైకోర్టుల్లో నిర్దోషులుగానే బయటపడుతున్నారు. ఒక్క నిమిషం ఈ అంకె దగ్గర ఆగాలి. ఉరికంబం నీడలో ఏళ్ల తరబడి నిద్రలేని రాత్రులు గడిపిన ప్రతి పదిమందిలో ముగ్గురు ఆ నేరం చేసినట్టు రుజువు కాలేదు. ఈ బృందమే 2021లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల మానసిక ఆరోగ్యం మీద మరో అధ్యయనం చేస్తే, సగానికి మించి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది.

ఇది అల్మారాలో పడి ఉండలేదు. 2022 మేలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరి కోరేటప్పుడు ముద్దాయి మానసిక స్థితి గురించిన వివరాలను ప్రభుత్వం మొదట్లోనే కోర్టు ముందు పెట్టాలని ఆదేశించింది. 1980లో రాసిపెట్టి మరిచిపోయిన బాధ్యత 42 ఏళ్లకు ప్రభుత్వం చేతిలో పడింది. ఆ బృందం 2025లో హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌కు వచ్చింది. షామీర్‌పేట క్యాంపస్‌లో చదివే ఒక తెలుగు విద్యార్థి ఇప్పుడు ఆ పనిలో చేరవచ్చు. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లు అక్కడికి బస్సు దూరంలో ఉన్నాయి.

అదే నల్సార్‌లో అమితా ధండా వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల మీద చేసిన కృషి గురించి చిన్నగానైనా చెప్పాలి. మతిస్థిమితం లేదని ముద్రవేస్తే మనిషికి ఆస్తి అమ్మే హక్కు, ఒప్పందం చేసుకునే హక్కు, తన ఒంటికి ఏం చికిత్స చేయాలో చెప్పే హక్కు ఎలా పోతాయో ఆమె దశాబ్దాలు చదివారు. 2006లో వైకల్య హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం తయారైనప్పుడు ఆ చర్చల్లో ఉన్నారు. ఆ ఒప్పందం 12వ అధికరణం అందరికీ సమానంగా చట్టబద్ధ సామర్థ్యం ఉందని చెబుతుంది. నేను సమర్థుణ్ణేనని ప్రతిసారీ నిరూపించుకోవాల్సిన అవమానం నుంచి అది ఒక మనిషిని బయటపడేస్తుంది. 2016 నాటి మన వైకల్య హక్కుల చట్టంలో ఆ ఊపిరి కొంతైనా ఉంది.

ఇంతవరకు చెప్పింది చదివి, రుజువు భారాన్ని తిరగేయడమే న్యాయమని ఎవరైనా అనుకుంటే అది తప్పు. ఇక్కడే పరిశోధకుడు జాగ్రత్తగా ఉండాలి. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా)లో 2008లో చేర్చిన 43-డి(5) ప్రకారం, పోలీసులు చెప్పింది పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదు. మనీలాండరింగ్ చట్టంలో తాను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జైల్లో కూర్చున్నవాడే కోర్టును ఒప్పించాలి. సుప్రీంకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. పద్ధతి చూస్తే 114-ఎ లాంటిదే కదా అనిపిస్తుంది. కాదు. దేసాయిగంజ్ స్టేషన్‌లో తాళంచెవి, చీకటి, తుపాకీ, రికార్డు అన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి. లోపల ఏం జరిగిందో చెప్పగలిగేది వాళ్లే. బలం ఎవరి దగ్గర ఉందో, నిజం తాళంచెవి ఎవరి చేతిలో ఉందో, బరువు వాళ్ల మీద పెట్టడం న్యాయం. ప్రభుత్వానికి పోలీసులున్నారు, ల్యాబులున్నాయి, జైళ్లున్నాయి. అన్నీ ఉన్నవాడు తన బరువును సంకెళ్లు వేసుకున్నవాడి మీదికి తోయడం దానికి పూర్తిగా తలకిందులు. ఈ తేడాను గట్టిగా చెప్పే పుస్తకాలు, వ్యాసాలు ఇంకా ఎన్నో రావాలి. 2022 చివరి నాటికి దేశంలో 5,73,220 మంది జైళ్లలో ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం తేలేదాకా నిర్దోషి అనే సూత్రాన్ని వాళ్ల ముందు పలకడానికి నోరు రాదు.

అంకెలు కూడా న్యాయానికి ఎదురు తిరగగలవు. 2018 మార్చి 20న సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సుప్రీంకోర్టు నీరుగార్చింది. ఆ తీర్పు ఆసరా చేసుకున్నవాటిలో, పోలీసులు తప్పుడు కేసులని తేల్చి మూసేసినవాటి లెక్కలు ఉన్నాయి. ఆ లెక్క ఎవరు రాశారు? ఫిర్యాదు తీసుకోవడానికే వెనకాడిన స్టేషన్ రాసింది. గ్రామంలో పని ఇచ్చేవాడి మీద, నీళ్లిచ్చే బావి యజమాని మీద సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు రాజీపడితే, భయపడితే, ఊరొదిలిపోతే, ఆ కేసూ తప్పుడు కేసుల ఖాతాలోకే పోతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపితే, ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. బొజ్జా తారకం లాంటి లాయర్లు ఏళ్లకేళ్లు మోసిన కేసది. నేరం రుజువు కాలేదు కనుక నేరం జరగలేదని లెక్క రాసేవాడు చుండూరు వెళ్లి ఆ సమాధుల ముందు నిలబడి రాయాలి. 2018 ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, పార్లమెంటు చట్టం సవరించింది, 2019 అక్టోబర్ 1న సుప్రీంకోర్టే తన ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. కానీ ఆ ఏడాదిన్నరలో ఒక అంకెను సరిగ్గా చదవకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. దళితుడు అబద్ధం చెబుతాడన్న అనుమానం రుజువు అక్కర్లేకుండానే తీర్పులోకి ఎక్కింది. దాన్ని అడ్డుకోగల ఆయుధం గట్టి క్షేత్ర పరిశోధన ఒక్కటే.

అలాంటిది జరిగినప్పుడు ఎంత తేడా వస్తుందో చూడాలంటే పిల్లల మీద లైంగిక నేరాలను విచారించే పోక్సో కోర్టుల మీద బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లోని సెంటర్ ఫర్ చైల్డ్ అండ్ ది లా చేసిన అధ్యయనాలు చదవాలి. ఢిల్లీ, అస్సాం, మహారాష్ట్ర, కర్ణాటకతోపాటు ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక కోర్టుల్నీ వాళ్లు పరిశీలించారు. చట్టం కాగితం మీద చెప్పిన బిడ్డకు అనువైన కోర్టు నిజంగా ఎక్కడుందో వెతికారు. సాక్ష్యం మార్చుకున్న పిల్లల్ని అబద్ధాలకోరులని రాయలేదు. నిందితుడు ఇంటివాడే అయినప్పుడు, కేసు ఏళ్లు సాగినప్పుడు, పిల్ల ఎందుకు వెనక్కి తగ్గుతుందో రాశారు. ఇష్టపడి ఇల్లు వదిలిన జంటల మీద కూడా ఇదే చట్టం ఎలా పడుతోందో రాశారు. అత్యాచారానికి గురైన పిల్లకు మేలు చేసే చట్టం మరో పిల్ల ప్రేమించిన అబ్బాయిని జైల్లో పెడుతోందని చెప్పడానికి ధైర్యం కావాలి. పరిశోధకుడు ఏ పక్షానికీ నచ్చని నిజాన్ని కూడా బయటపెట్టాలి.

నాకు బాధ కలిగించేది మరొకటుంది. మన దగ్గర న్యాయశాస్త్రంలో జరుగుతున్న పరిశోధనలో ఎక్కువ భాగం తీర్పుల్ని మళ్లీ తీర్పుల మాటల్లోనే చెప్పడంతో ఆగిపోతోంది. ఇంగ్లీషులో రాసి, ఇంగ్లీషు పత్రికల్లో వేసి, ప్రమోషన్ ఫైలులో పెట్టి మూసేస్తున్నారు. జిల్లా కోర్టు వరండాలో తన కేసు నంబరు కోసం ఎదురుచూసే మనిషికి అందులో ఒక్క వాక్యం చేరదు. ఆదిలాబాద్ గోండు గురించి రాసిన పుస్తకం ఆదిలాబాద్‌లో దొరకదు. సమాచారం ఇచ్చినవాళ్లకు ఫలితం తిరిగి చెప్పడం పరిశోధనలో భాగమని మన యూనివర్సిటీల్లో ఎంతమంది అనుకుంటున్నారు? బాలగోపాల్ అనుకున్నారు. ఎంత క్లిష్టమైన చట్టాన్నయినా తెలుగులో, ఊళ్లో మనిషికి బోధపడేలా రాశారు. 2009లో ఆయన పోయాక ఆ ఖాళీ ఇంకా పూడలేదు. 1979 నాటి ఆ బహిరంగ లేఖ కూడా దేశ చట్టాన్ని మార్చింది గానీ, ఎవరికోసం రాశారో ఆ దేసాయిగంజ్ పిల్లకు న్యాయం దొరకలేదు. ఆమె కేసులో తీర్పు అలాగే మిగిలింది.

2023లో తెలంగాణ హైకోర్టు డివిజన్ బెంచ్ ఒక భూవివాదంలో తెలుగులో తీర్పు రాసింది. అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ తీర్పు కేసు చివర్లో వచ్చేది. కేసు మొదలయ్యేది బోనులో. మన ట్రయల్ కోర్టులకు వెళ్లి ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. సాక్షి తెలుగులో చెబుతుంది, ఏజెన్సీలో అయితే గోండిలోనో కోయలోనో చెప్పి దాన్ని ఎవరో తెలుగు చేస్తారు. జడ్జిగారు ఇంగ్లీషులో చెబితే పక్కనే ఉన్న టైపిస్టు కొడతారు. ‘నన్ను కదలనివ్వలేదయ్యా’ అని ఆమె అంటుంది. కాగితం మీద ఏం పడుతుంది? అడ్డుచెప్పలేదనా, ఎదిరించలేకపోయిందనా, ఊరుకుందనా? హైకోర్టూ సుప్రీంకోర్టూ చదివేది ఆ కాగితాన్నే, ఆమె మాటను కాదు. ఒప్పుకోవడానికీ లొంగిపోవడానికీ తేడా ఆ కాగితంలో పోయిందా, తర్వాత ఎక్కడో పోయిందా? అది వెతికి తేల్చే పరిశోధనకు రెండు భాషలు వచ్చిన ఒక విద్యార్థి, ఒక నోటుబుక్కు, రోజూ కోర్టు హాలు వెనక బెంచీ మీద కూర్చునే ఓపిక ఉంటే చాలు.